నేను జరిపిన పొలిమేర

మా వీధి చివరి టిఫిన్ హోటలు వాడు ఈమధ్య గళ్ళ పళ్ళేలు తెచ్చాడు. స్టీలువే. ఒక గదిలో ఇడ్లీ, ఒక గదిలో చట్నీ, ఇంకో గదిలో సాంబారు. మధ్యలో గోడలు. ఇదివరకు మామూలు పళ్ళెంలో సాంబారు తన దారిన తాను పారుకుంటూ వచ్చి ఇడ్లీ కింద చేరేది. ఇడ్లీ దాన్ని తాగి మెత్తబడేది. మనం చేయవలసిన పని తక్కువగా ఉండేది. ఇప్పుడు ఇడ్లీ ముక్కను నేనే పట్టుకెళ్ళి ముంచి తెచ్చుకోవాలి. ఓనరుతో చెప్పాను. "నీటుగా ఉంటుందనండీ మాస్టారూ" అన్నాడు. తాడేపల్లిగూడెంలో ఇన్నేళ్ళుగా టిఫిన్ చేస్తున్నాను. నీటు కోసం ఇడ్లీ తిన్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

చిన్న ఫిర్యాదే. కానీ రెండింటి మధ్య గోడ కనిపిస్తే ఒక మాట అనకుండా ఉండలేకపోవడం నా వృత్తి వల్ల వచ్చిన జబ్బు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. చరిత్ర అంటే పిల్లలు యుద్ధాలనుకుంటారు గాని నేను జీతం తీసుకున్నది ఎక్కువగా సరిహద్దులకే. అందులోనూ ఒక్క దేశం సరిహద్దులకు. ఆ దేశం ఇప్పుడు లేదు. పేరు వేంగి.

పోయినేడాది వానాకాలంలో మా తమ్ముడు పోయాడు. కొల్లేటి ఒడ్డున వాడుండే ఊళ్ళో వాణ్ణి మోసుకెళ్తూ, దారిలో ఎక్కడ దించాలి, అంటే ఆ ఊరి పొలిమేర ఎక్కడ అన్న ప్రశ్న వచ్చింది. హద్దుల మీద చదువుకున్న మనిషినని నన్నడిగారు. నేను చెప్పాను. చెప్పిన దానికి ఆధారం లేదు. ఆ సంగతి రాయాలని ఏడాదిగా కూర్చుంటున్నాను, ఇడ్లీ పళ్ళేల గురించి రాసి లేస్తున్నాను.

వేంగి ఎక్కడిదని అడిగేవారికి నా దగ్గర ఒక చిన్న జవాబుంది: గోదావరికీ కృష్ణకూ మధ్యది. పెద్ద జవాబు మొదలుపెడితే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఉత్తరాన కొన్నాళ్ళు మహేంద్రగిరి దాకా ఉండేది. దక్షిణాన కొన్నాళ్ళు నెల్లూరు సీమలో మన్నేరు దాకా ఉండేది. మధ్యలో చాలాకాలం ఎక్కడిదాకా ఉండేదో అక్కడున్నవాళ్ళకే రూఢిగా తెలిసినట్టు లేదు. రాజధాని ఏలూరుకు దగ్గర్లో పెదవేగి. ఇప్పుడక్కడ దిబ్బలూ పామాయిల్ తోటలూ ఉన్నాయి.

దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళ కిందట పడమటి నుంచి, బాదామి నుంచి, చాళుక్య రాజు ఒకాయన వచ్చి ఈ దేశాన్ని గెలిచాడు. కొల్లేటి నీళ్ళ మధ్య అప్పట్లో ఒక కోట ఉండేదనీ, దాన్ని పట్టుకునేటప్పుడు నీళ్ళు ఎర్రబడ్డాయనీ శాసనంలో వేయించుకున్నారు. గెలిచాక రాజు తన ఊరు తాను వెళ్ళిపోయాడు. ఈ వేంగిని తన రాజ్యంలో ఒక రాష్ట్రంగా చేసి, చూసుకోమని తమ్ముణ్ణి ఇక్కడ వదిలాడు. కొన్నాళ్ళకు ఆ రాష్ట్రమే రాజ్యమైంది. అన్న ఇచ్చాడా, తమ్ముడు తీసుకున్నాడా అన్నది పది మార్కుల ప్రశ్న. ఏది రాసినా నేను ఆరుకు తక్కువ వేసేవాణ్ణి కాను. ఆధారాలు రెండువైపులా అంతంతమాత్రమే.

ఆనాటి రాగిరేకుల్లో దానమిచ్చిన ఊళ్ళ హద్దులు మాత్రం శ్రద్ధగా ఉంటాయి. తూర్పున చింతచెట్టు, దక్షిణాన చెరువు, పడమర పుట్ట, ఉత్తరాన దారి. అన్నదమ్ములు ఆ తర్వాత మళ్ళీ కలుసుకున్నారో లేదో, ఏ చెట్టు దగ్గర అన్న వెనక్కి తిరిగాడో, తమ్ముడు ఎంతసేపు నిలబడి చూశాడో వాటిలో ఉండదు. రాగి ఖరీదైన లోహం కదా, అనవసరమైనవి వేయించరు.

మా తమ్ముణ్ణి అక్కడ వదిలింది నేనే. నాన్న పోయేనాటికి నాకు కాలేజీలో ఉద్యోగముంది. వాడికి డిగ్రీలో ఇంగ్లీషు పేపరుతో సయోధ్య కుదరక చదువు ఆగిపోయింది. ఉన్న చేను ఇద్దరి కడుపులు నింపేంతది కాదు. ఉప్పుటేరు అవతల లంక ఊళ్ళో చేపల చెరువొకటి కౌలుకు ఉందని ఎవరో చుట్టాలు చెప్పారు. లంక అంటే మా వైపు నీళ్ళ మధ్య మెరక. ఇద్దరం ఆకివీడు దాకా బస్సులో వెళ్ళి, అక్కడ ఇంకో బస్సు ఎక్కి వంతెన దాటాం. వంతెనకు ఇవతల మా పశ్చిమగోదావరి, అవతల కృష్ణా జిల్లా. కొల్లేటి నీళ్ళను సముద్రానికి తీసుకెళ్ళే ఆ ఏరే అప్పట్లో రెండు జిల్లాలకూ హద్దు.

చెరువు చూశాను. నాకు తెలిసినంతలో అందులో నీళ్ళున్నాయి. తెలిసినవాడిలా తల ఊపాను. ఊళ్ళోవాళ్ళు నా తల ఊపుడికి చాలా గౌరవం ఇచ్చారు. సాయంత్రం వాడు నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. ఏం మాట్లాడాలో తోచక, తోచనప్పుడల్లా చేసే పనే చేశాను. చరిత్ర చెప్పాను. బాదామి రాజు, తమ్ముడు, వేంగి, అంతా.

వాడు విని, "అంటే నన్నిక్కడ వదిలేసి పోతున్నావన్నమాట" అన్నాడు.

"వదిలెయ్యడం కాదురా. రాజప్రతినిధిగా నియమిస్తున్నాను."

"జీతం?"

"చేపలు."

"వాటిని పెంచేదీ నేనే కదా అన్నయ్యా."

"రాష్ట్రాలు అలాగే నడుస్తాయి."

బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. వాడు అప్పటికే చెరువు వైపు నడుస్తున్నాడు. నేను బాధపడ్డట్టు గుర్తులేదు. మర్నాడు ఇంటర్నల్ పరీక్షలున్నాయి.

ఆ మర్నాటి నుంచీ వాడు ఫోను చేస్తే, "ఏవండీ, బాదామి వారేనా అండీ? వేంగి నుంచి మాట్లాడుతున్నామండీ" అనేవాడు. మొదట్లో ఆకివీడు ఎస్టీడీ బూత్ నుంచి, తర్వాత ఇంటి ఫోను నుంచి, ఆ తర్వాత సెల్లు నుంచి. ఒకసారి మా ప్రిన్సిపాల్ గారు ఎత్తితే ఆయనకీ అదే చెప్పాడు. ఆయన ఇంగ్లీషు మాస్టారు. బాదం పప్పు వ్యాపారమనుకుని, మాకు వద్దండీ అని పెట్టేశారట.

రాష్ట్రం రాజుకు కప్పం కట్టాలి. మా దగ్గర అది రెండువైపులా నడిచింది. తాడేపల్లిగూడెం రైసు మిల్లుల తవుడు లారీల మీద కొల్లేటి చెరువులకు పోతుంది, చేపల మేతకి. వాడి తవుడు మాట్లాడి పంపించేది నేను. బదులుగా ఐసు పెట్టిన సంచిలో శీలావతో బొచ్చో ఒక చేపను బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు. బస్టాండులో ఆ సంచి అందుకునేటప్పుడు దాని అడుగునుంచి నీళ్ళు కారి నా ప్యాంటు మీద పడేవి. కాలేజీలో పిల్లలకు ఆ వాసన మీద నా రాకపోకలు తెలిసేవి. మా ఆవిడ సంచి చూసి, "మీ తమ్ముడు బతికే ఉన్నాడన్నమాట" అనేది. వాడు ఉత్తరాలు రాసే మనిషి కాదు. ఆ సంచే వాడి క్షేమసమాచారం.

అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, ఆ ఊరి పిల్లనే. ఒక కూతురు. ఒకప్పుడు సరస్సు లోపలి చెరువుల గట్లన్నీ తీసేయాలని సర్కారు పొక్లెయిన్లు వచ్చాయి. కొల్లేటికి గట్టు లేదు గనక దాని హద్దును ఎత్తులో కొలుస్తారు. సముద్రం కన్నా ఇన్ని అడుగుల ఎత్తు దాకా సరస్సు, ఆ పైన మనుషులది. వాడి మొదటి చెరువు సరస్సులోకి పోయింది. ఆ రోజు ఫోను చేసి, "సామ్రాజ్యం పోయింది అన్నయ్యా. రాజు క్షేమం" అన్నాడు. నేను వెళ్ళేసరికి కూలిన గట్టు మీద కూర్చుని జామకాయ తింటున్నాడు. పక్కన వాడి చెరువు కాపలా మనిషి నిలబడి ఉన్నాడు. మొదటి ఏడాది నుంచీ వాడితో ఉన్న మనిషి. మాట తక్కువ, ఉన్నది ఉన్నట్టు అనేస్తాడు.

"ఏమంటున్నాడు మీ వాడు?" అని అతన్ని అడిగాను.

"రాత్రి ఏడ్చారండీ" అన్నాడతను. మా తమ్ముడు జామకాయ అతని మీద విసిరాడు.

తర్వాత ఎత్తైన చోట ఇంకో చెరువు చూసుకున్నాడు. నిలదొక్కుకున్నాడు. నేను చెప్పే వేంగి కథలో తమ్ముడి వంశం నాలుగు వందల ఏళ్ళకు పైగా ఏలింది. మావాడు అంత అడగలేదు.

మొన్నామధ్య జిల్లాలు విడదీశారు. మా తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది గాని ముఖ్యపట్టణం ఏలూరు నుంచి భీమవరం వెళ్ళిపోయింది. వాడి ఊరు కృష్ణా నుంచి తీసి కొత్త ఏలూరు జిల్లాలో కలిపారు. ఆ సాయంత్రమే ఫోను.

"బాదామి వారేనా అండీ?"

"చెప్పరా."

"ఏలూరు మాకొచ్చేసిందండీ. పెదవేగి కూడా మాదేనటండీ. మీరిక అటు రావాలంటే కబురు పెట్టి రావాలి."

"నువ్వు కదల్లేదు కదరా, నీకెలా వచ్చింది?"

"నేను కదలక్కర్లేదన్నయ్యా. హద్దే కదులుతుంది. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పావు, ఆమాత్రం తెలీదా?"

ఆ ఆదివారం ఇద్దరం వాడి మోటారు సైకిలు మీద పెదవేగి వెళ్ళాం, రాజధాని స్వాధీనం చేసుకోవడానికి. దిబ్బలన్నీ తిరిగాం. వాడు ఒక ఇటుక ముక్కను కాలితో దొర్లించి, "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"దీని కోసమా నువ్వు మా పెళ్ళిరోజులకి రాకుండా సెమినార్లకి పోయింది?"

"దీనికి చరిత్రలో చాలా ప్రాముఖ్యం ఉందిరా."

"ఉంటుందిలే. అది సరే గాని, మా ఊరు వేంగిలో లోపలా బయటా?"

"లోపలే. కొల్లేరంతా లోపలే."

"మరి గూడెం?"

"అదీ లోపలే."

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు బాదామి అని ఎలా చెప్పుకున్నావు?"

"నువ్వేగా అన్నది."

"నేను వెక్కిరించడానికి అన్నాను" అని నవ్వి, "ఇద్దరం ఒకే దేశంలో ఉండి, ఏదో దూరదేశం వాళ్ళలాగ ఇన్నేళ్ళూ బస్సులో చేపలు పంపించుకున్నాం" అన్నాడు. తర్వాత పామాయిల్ గెలలు టన్ను ఎలా పోతున్నాయో కనుక్కోవడానికి తోటలోకి వెళ్ళాడు.

అది మేమిద్దరం కలిసి తిరిగిన ఆఖరి ఆదివారం. అప్పుడు తెలియలేదు. తెలిస్తే ఆ తోటలోకి నేనూ వెళ్ళేవాణ్ణి.

మబ్బు పట్టిన తెల్లవారుజాముల్లో చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు ఏరియేటర్లు వేస్తే చక్రాలు నీళ్ళను చిలికి గాలి కలుపుతాయి. ఆ రోజు అలాంటి మబ్బే. ఏరియేటర్ల స్విచ్చు వెయ్యడానికి లేచి వెళ్ళాడు. స్విచ్చు దాకా వెళ్ళలేదు. గుండె. గట్టు మీద పడి ఉన్నవాణ్ణి కాపలా మనిషి చూశాడు.

నాకు ఫోను వాడి నంబరు నుంచే వచ్చింది. ఎత్తి, "బాదామి" అన్నాను. అవతల మా మరదలు.

భీమవరం మీదుగా, ఉండి ఊరు దాటి, ఆకివీడు మీంచి వెళ్ళాం. కారు మా అబ్బాయి నడిపాడు. ఉండి దగ్గర రోడ్డుకు రెండు పక్కలా చెరువుల్లో ఏరియేటర్ల చక్రాలు తిరుగుతూ తెల్లగా నురగ లేస్తోంది. అందరి చేపలూ బాగానే ఉన్నాయి.

వాడికి కొడుకులు లేరు గనక నిప్పు కుండ మా అబ్బాయి పట్టుకున్నాడు. అన్న కొడుకు కొడుకే కదా. పాడె కుడివైపు ముందు కొమ్ము నేను పట్టుకున్నాను. నా భుజం మంచిది కాదని, వద్దని ఇద్దరు ముగ్గురు అన్నారు. తేలిగ్గా ఉన్నాడని రాయను. బరువుగానే ఉన్నాడు. భోజనప్రియుడు. ఆడవాళ్ళు వీధి చివర ఆగిపోయే చోట మా మరదలు నా చెయ్యి పట్టుకుని, "బావగారూ, ఆయన్ని తొందరగా దించెయ్యకండి" అంది. ఏ అర్థంలో అందో ఆమెకూ తెలియదు. నాకు మాత్రం అది ఆదేశంలా వినిపించింది.

దింపుడు కళ్ళం గురించి తెలియని తెలుగువాళ్ళు ఉండరు. అయినా పట్నాల్లో వాన్లలో తీసుకెళ్ళే రోజులు గనక చెప్తాను. శ్మశానానికి పోయే దారిలో, పొలిమేర దగ్గర, పాడెను నేల మీద దించుతారు. అయినవాళ్ళు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఉంటే, పలుకుతాడేమోనని. పలకకపోతే లేపి తీసుకెళ్తారు. పొలిమేర లోపల ఉన్నంతసేపూ ఆ మనిషి ఇంకా ఊరివాడే. దించి పిలిచాక కాదు.

ఆ ఊరి పొలిమేర రాయి ఒకప్పుడు దారి పక్కన ఉండేదట. చెరువులు తవ్వినప్పుడు ఏ గట్టులో కూరుకుపోయిందో ఎవరికీ తెలియదు. అప్పటినుంచీ ఎవరికి తోచిన చోట వాళ్ళు దించుతున్నారు. చెరువు తూము దగ్గరికి రాగానే, ఒకప్పుడు ప్రెసిడెంటుగా చేసిన పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఇక్కడండీ. మా నాన్నగారిని ఇక్కడే దించాం."

"మీ నాన్నగారప్పుడు వానండీ, అందుకని ముందే దించేశారు. అసలుది ఆ తాడిచెట్టు దగ్గరండీ" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"వానకీ పొలిమేరకీ సంబంధం ఏంటయ్యా?"

"మీరే అన్నారండీ ఆ రోజు, తడిసిపోతున్నాం దించండని."

పాడె మా భుజాల మీద ఉండగానే ఇది కాసేపు నడిచింది. చివరికి పెద్దాయన, "మాస్టారున్నారు కదండీ. ఈ హద్దుల మీదే కదా ఆయన చదువంతా. మాస్టారూ, మీరు చెప్పండి, పొలిమేర ఎక్కడండీ?" అన్నాడు.

వేంగి ఉత్తరపు హద్దు గురించి నన్ను పెద్ద పెద్ద సభల్లో అడిగారు. ఇంత మర్యాదగా, ఇంత నమ్మకంగా ఎప్పుడూ అడగలేదు.

తూము వైపు చూశాను. నాలుగడుగుల్లో ఉంది. అవును అంటే దించాలి. దించితే పిలవాలి. పిలిస్తే పలకడు. పలకకపోతే ఇంక వాణ్ణి ఎక్కడా ఎప్పుడూ పిలవడానికి ఉండదు.

"ఇంకాస్త ముందుకండీ" అన్నాను.

తాడిచెట్టు దగ్గర ఆగారు. "ఇదేనా అండీ?" నేను పాడె కింద నిలబడే పాఠం చెప్పాను. చెరువులు రాకముందు ఇక్కడ బండ్లదారి ఉండేదనీ, అది ఇప్పటి దారికన్నా పడమరగా వంగి ఉండేదనీ, పొలిమేరలు ఎప్పుడూ దారి వంపులోనే ఉంటాయనీ చెప్పాను. అందులో ఒక్క మాటకూ ఆధారం లేదు. కానీ గొంతు తరగతి గదిలోదే వచ్చింది. వాళ్ళు తలలు ఊపారు. ఒకప్పుడు నేను వాళ్ళ చెరువు చూసి ఊపినట్టే ఊపారు.

రాజులు రాజ్యాలను ఎందుకు పెంచుకుంటారో కారణాలు రాయమని పిల్లలకు ఇచ్చేవాణ్ణి. ధనం, కీర్తి, ఓడరేవులు. ఇంకొంచెం దూరం తమ్ముడితో నడవడానికి అని ఎవరూ రాయలేదు. రాస్తే కొట్టేసేవాణ్ణి.

ఎడమవైపు మలుపు ఒకటి వచ్చింది. కుండ పట్టుకుని ముందు నడుస్తున్న మా అబ్బాయి అక్కడ ఆగి నా వైపు చూశాడు. నేను తలతో ముందుకి చూపించాను. వాడు ఇంజినీరు. కొలతలంటే పట్టింపు. అయినా నేను చూపిన వైపే నడిచాడు. గట్టు సన్నబడింది. మోసేవాళ్ళు పక్కలకు జరగలేక ఒకరి వెనక ఒకరు కాళ్ళు కూడదీసుకుని నడుస్తున్నారు. చెమట. నా భుజం నాది కానట్టే ఉంది. ఆ నొప్పి నాకు బాగానే ఉంది. పని చేస్తున్నట్టుంది.

ఎదురుగా ఒకాయన సైకిలు దిగి నిలబడ్డాడు. తలకు తువ్వాలు. వెనక అతని చెరువులు, ఏరియేటర్లు గట్టిగా తిరుగుతున్నాయి.

"ఏవండీ, ఇటెక్కడికండీ?"

పెద్దాయన ఎవరు పోయారో చెప్పాడు. అతను తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆయనా అండీ. మొన్న మా చెరువులో చేప తేలితే పరిగెత్తుకొచ్చారండీ" అన్నాడు. తర్వాత ఇబ్బందిపడుతూ, "ఏమనుకోకండి గాని, ఇది మా ఊరు వచ్చేసిందండీ. పరాయి ఊరి పాడె పొలిమేర దాటి రాకూడదు కదండీ" అన్నాడు.

"మీ ఊరు అప్పుడే ఎక్కడొచ్చిందయ్యా? ఇంకా మాదేనని మాస్టారు చెప్పారు."

"మాస్టారెవరండీ?"

"ఈయనే. చరిత్ర మాస్టారు."

అతను నాకు నమస్కారం పెట్టాడు. "చరిత్రలో మీదేమోనండీ. శిస్తు మేం కడుతున్నాం."

వెనక కొమ్ము పట్టుకున్న మనిషి మెల్లగా, "అసలు శ్మశానం దాటొచ్చేశామండీ" అన్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు పెద్దాయన.

"ఇందాక ఆ మలుపు దగ్గరండీ."

"మరి చెప్పవేం?"

"మాస్టారు ముందున్నారు కదండీ. ఆయనకి తెలుసనుకున్నాం."

ఎవరూ నన్నేమీ అనలేదు. ఆ వైపు మనుషుల మర్యాద అలాంటిది. అంత బరువు భుజాన పెట్టుకుని, చెమటలు కక్కుతూ, తెలిసి తెలిసీ మూడు చెరువుల దూరం నా వెనక నడిచారు. దించకుండా పాడెను వెనక్కి తిప్పకూడదని ఎవరో అన్నారు. ముందుకు పోకూడదని సైకిలాయన అంటున్నాడు. చివరికి అతనే తేల్చాడు.

"ఈ గట్టు మీద దించుకోండి. గట్టు రెండూళ్ళదీనండీ. ఎవరిదీ కాదు కూడా."

దించారు. నా భుజం ఒక్కసారి ఖాళీ అయిపోయింది. అంతవరకూ లేచి ఉన్నదేదో ఆ ఖాళీలోకి కూలింది.

వంగాను. చెవిలో దూది ఉంది. దూది తీసి పిలవాలా, ఉండగానే పిలవాలా ఎవరూ చెప్పలేదు. తీశాను. ఇంట్లో వాణ్ణి చిన్నోడా అనేవాళ్ళం. మనవడు పుట్టే వయసొచ్చినా చిన్నోడే. "చిన్నోడా" అన్నాను. గొంతు హాజరు పిలిచినట్టు వచ్చింది. రెండోసారి కాస్త మనిషి గొంతు వచ్చింది. మూడోసారి వాడి భుజం మీద చెయ్యి వేసి పిలిచాను. పసుపు రాసిన మొహం. గడ్డం రెండు రోజులది, తెల్లగా. వాడికి అంత నెరిసిందని నాకు తెలియదు. ఎప్పుడూ గీసుకునే కనిపించేవాడు నాకు.

"అయిందండీ, లేపుదాం" అన్నారెవరో.

"ఒక్క నిమిషం" అన్నాను. సైకిలాయన వైపు తిరిగాను. "ఏవండీ, ఆ ఏరియేటర్లు ఒక్క నిమిషం ఆపిస్తారా? చప్పుడులో వినపడలేదేమో."

అతను గబగబా వెళ్ళి స్విచ్చులు కట్టేశాడు. చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. నీళ్ళు కాసేపు ఊగి నిమ్మళించాయి. అంత నిశ్శబ్దం ఆ చెరువుల మధ్య నేనెప్పుడూ వినలేదు. కాకి రెక్క కొట్టుకున్నా వినిపించేట్టుంది. మళ్ళీ వంగి, నెమ్మదిగా, తొందర లేకుండా, పిలిచాను. పిలిచి ఆగాను. అవతలి మనిషి లోపలి గదిలోంచి వచ్చేదాకా ఫోను పట్టుకుని ఆగినట్టు ఆగాను.

కాపలా మనిషి నా పక్కకొచ్చి, నా గుప్పిట్లో ఉన్న దూది తీసుకుని, వాడి చెవిలో మళ్ళీ పెట్టాడు.

"పొద్దున్న కూడా ఏరియేటర్లు ఆగే ఉన్నాయండీ మాస్టారూ. నేనూ పిలిచాను. పలకలేదు."